పసుపు చుక్క కందిరీగ

(బెంగళూరులో మాస్టారి శిష్యులు ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసం పాఠం)



వేదిక మీద మాస్టారి పటం ఉంది. పేరు మాత్రం నేను పదేపదే పలకను. సభలో ఎవరైనా తనను పొగడడం మొదలుపెడితే మెల్లగా లేచి వరండాలోకి వెళ్ళిపోయే మనిషి ఆయన. ఈరోజు ఆయనకు ఆ వీలు లేదు కాబట్టి ఆ మర్యాద మనమే పాటించాలి. మాస్టారిది కృష్ణా తీరం, నాది పలమనేరు వైపు. మా ఊళ్ళో అయితే అయ్యవారు అంటాం. ఈ ఊళ్ళో అందరూ సార్ అంటారు. ఆయనకు మాత్రం మాస్టారు అంటేనే ఇష్టం. అలాగే అంటాను.

ఏ అంశమైనా తీసుకోమని నిర్వాహకులు చెప్పారు. నాకు వెతుక్కునే పని పడలేదు. డిగ్రీ మొదటి సంవత్సరం మొదటి క్లాసులో ఆయన బోర్డు పై మూలన ఒక ప్రశ్న రాసి, ఏడాదంతా ఎవరినీ చెరపనివ్వలేదు. మిగతా జంతువుల పక్కన నిలబెడితే మనిషి నిజంగా ప్రత్యేకమా? అదే ఈరోజు నా అంశం.

అది 1980ల మధ్య. మా ల్యాబు కిటికీ పైచట్రానికి ఒక కందిరీగల గూడు ఉండేది. అరచేయంత ఉంటుంది. సన్నటి కాడ ఒకటి చట్రానికి అంటుకుని, దాని కింద బూడిదరంగు గదులు, ఒక్కొక్కటి ఆరు పలకలది. ఎండుకట్టెను గీకి, నోటి తడితో నమిలి, ఆ గుజ్జును పలచగా పరిచి కందిరీగ గూడు కడుతుంది. ఎండితే అచ్చం కాగితం. ఒకరోజు అటెండరు కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి తెచ్చాడు. మాస్టారు చెయ్యి అడ్డంపెట్టి, కన్నడంలో ఒక వారం ఆగమని బతిమాలారు. ఆ వారం మూడు నెలలైంది.

గడ్డిపరక కొసన త్వరగా ఆరే రంగు అద్ది, తెల్లవారకముందు అవి మందంగా ఉన్నప్పుడు, ఒక్కోదాని వీపు మీద ఒక్కో చుక్క పెట్టించారు. ఎర్రచుక్క, తెల్లచుక్క, నీలం చుక్క, రెండు తెల్లచుక్కలు, పసుపు చుక్క. నన్ను రెండు కుట్టాయి. చుక్క పెట్టాక గాని మాకు తెలియలేదు, అప్పటిదాకా మేం చూస్తున్నది కందిరీగలను కాదు, ఒక గుంపును. రంగు పడగానే ఒక్కోదానికి ఒక్కో నడత కనబడింది. కొన్ని ఊరికే కూర్చునేవి. కొన్ని పక్కవాటిని తరిమేవి, కొరికేవి. కొన్ని పొద్దస్తమానం బయటికి పోయి పురుగులను, గుజ్జును తెచ్చేవి.

ఈ లెక్క మాస్టారు సొంతంగా కనిపెట్టింది కాదు. ఈ కందిరీగ పేరు రోపాలీడియా మార్జినేటా. మన దక్షిణాదిలో ఏ కిటికీకైనా, ఏ చూరుకైనా కనిపిస్తుంది. దీన్ని ప్రపంచానికి చూపించింది మాత్రం బెంగళూరు. రాఘవేంద్ర గదగ్‌కర్ ఇక్కడి సెంట్రల్ కాలేజీలో చదువుతున్నప్పుడు జంతుశాస్త్ర విభాగం కిటికీల మీద ఈ గూళ్ళను చూశారు. తర్వాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లో మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేసి కూడా వీటి దగ్గరికే తిరిగొచ్చి, జీవితమంతా వీటితోనే గడిపారు. కూర్చునేవి, కొట్లాడేవి, తెచ్చేవి అనే విభజన 1983లో ఆయన బృందం ప్రచురించింది. అందులో వింత ఏమిటంటే, ఈ జాతిలో రాణి కొట్లాడే జట్టులో ఉండదు, కూర్చునే జట్టులో ఉంటుంది. ఎవరినీ కరవదు, తరమదు. గూటి మీద పొట్ట కొసను రాస్తూ తిరుగుతుంది. ఆ వాసనే మిగతావాటికి రాణి ఉందన్న కబురు.

మా గూట్లో రాణి ఎర్రచుక్క. ఒక సోమవారం అది కనబడలేదు. పిట్ట తినేసిందో, ఏమైందో. అంతవరకు ఒక మూల పడి ఉండే పసుపు చుక్క ఆ ఉదయం ఒక్కసారిగా రెచ్చిపోయింది. కనిపించినదాన్నల్లా తరుముతోంది, మీద ఎక్కుతోంది, కాలు పట్టి లాగుతోంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఒక్కటీ ఎదురు తిరగలేదు. రోజులు గడిచేకొద్దీ దాని ఉగ్రం తగ్గింది. వారం తిరిగేసరికి శాంతంగా కూర్చుని గుడ్లు పెడుతోంది.

"పసుపు చుక్కే తర్వాతిదని వాటికెలా తెలిసిందయ్యా?" అని అడిగారు మాస్టారు.

"అది వాటి సహజాతం, మాస్టారూ" అన్నాను.

"దానికి నువ్వు పేరు పెట్టావు. నేనడిగింది జవాబు."

ఆ ప్రశ్న మీద ఐఐఎస్‌సీలో చాలా పని జరిగింది. గూటిని రెండుగా కోసి, మధ్య వల అడ్డంపెట్టి, రాణిని అటూ ఇటూ మార్చి చూశారు. వారసురాలు ఎవరో మిగతా కందిరీగలకు ముందే తెలిసినట్టుందని అనింద్య భద్ర, గదగ్‌కర్ 2008లో రాశారు. రాణి ఉన్నన్నాళ్ళు ఆ వారసురాలిని మనం పసిగట్టలేం. నడతలో ప్రత్యేకత ఏమీ ఉండదు. చూసే శాస్త్రవేత్తకు తెలియనిది గూట్లో ఉన్నవాటికి తెలుసు. అధికారం చేతులు మారే వేళ ఒక్క ప్రాణం పోకుండా దాటగలిగిన సమాజం అది. మన రాజ్యాల చరిత్ర చదివినవాళ్ళు ఒక్క నిమిషం దీని దగ్గర ఆగాలి.

ఇక కొలతల సంగతి. మనిషి గొప్పని రుజువు చేయడానికి ఎన్ని తూనికరాళ్ళు మార్చామో చూస్తే బాధ కలుగుతుంది. మెదడు బరువన్నాం. మనది కిలో మూడు నాలుగు వందల గ్రాములు, ఏనుగుది నాలుగైదు కిలోలు. సరే, శరీరంతో పోల్చి చూద్దామన్నాం. ఆ లెక్కలో చిన్న చిన్న జంతువులు మనను దాటిపోతాయి. నాడీకణాలు లెక్కపెడదామన్నాం. మనవి దాదాపు 8,600 కోట్లు, ఆఫ్రికా ఏనుగువి 25,700 కోట్లు. అయితే ఏనుగు కణాల్లో నూటికి 98 చిన్నమెదడులోనే ఉన్నాయి, ఆలోచనకు కావలసిన పైపొరలో మనవి 1,600 కోట్లు, దానివి 560 కోట్లే అని తేలగానే ఊపిరి పీల్చుకున్నాం. ఆ మాట వచ్చిన 2014లోనే పైలట్ తిమింగలం పైపొరలో 3,700 కోట్లు లెక్క తేలాయి. పనిముట్ల కథా అంతే. 1960లో జేన్ గుడాల్ గోంబేలో చింపాంజీ గడ్డిపుల్లతో చెదలు తీసుకోవడం చూసింది. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాకి తీగను కొక్కెంలా వంచి తిండి పైకి లాగింది. గెలిచే దాకా కొలబద్ద మార్చే పందెంలో గెలుపుకు విలువ లేదు. ఈ వాదనను నేను ఇక్కడితో వదిలేస్తాను.

భాష సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. కర్ణాటకలోనే బందీపుర్ అడవి ఉంది. రోడ్డు పక్క కోతులు మనుషుల చేతిలో తిండి చూసి ఏం చేస్తాయో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో అనింద్య సిన్హా బృందం గమనించింది. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. కోతి మెల్లగా కూతపెట్టి, మనిషి వైపు చెయ్యి చాస్తుంది. మనిషి తన వైపు తిరిగి ఉన్నాడా లేదా చూసుకుంటుంది. తిండి దొరకగానే ఆపేస్తుంది. అడగడం అంటే ఇదే కదా. ఇంకో జాతితో మాట్లాడడానికి ఆ కోతి సొంతంగా ఒక పద్ధతి కూర్చుకుంది. మనలో ఎంతమందిమి కోతితో కోతికి తెలిసేలా మాట్లాడగలం? ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడు నేనూ చూశాను. ముందు సీటులో కూర్చున్న పిల్ల అరటిపండు పట్టుకుని ఉంది. ఆడకోతి ఒకటి అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి తెరిచి పెట్టింది. అరచేతి గీతలు కనిపించాయి. ఆ పిల్ల తన అరచేయి చూసుకుంది, మళ్ళీ దాని చేయి చూసింది. దయచేసి అడవిలో కోతులకు తిండి పెట్టకండి, అది వాటికే చేటు. ఆ చేయి మాత్రం నేను మరిచిపోలేను.

మా వైపు ఈ ప్రశ్నకు ఖరీదు ఉంది. 1980ల్లో హోసూరు, కృష్ణగిరి అడవుల మీదుగా ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. మా తాతల కాలంలో అడవి ఏనుగును చూసినవాడు మా పల్లెల్లో లేడు. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవికి, చేనుకు మధ్య చాలాచోట్ల ఒక గట్టే అడ్డం. మా పెద్దమ్మ కొడుకు రాగి చేను కాపలాకు మంచె మీద పడుకుంటాడు. ఒకసారి నేనూ తోడు పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక నా భుజం తట్టాడు.

"సామి వచ్చినాడు. మాట్లాడొద్దు."

నాకేమీ కనబడలేదు. రాగి మొక్కలు గుప్పెడు గుప్పెడు పెరికి, మట్టి దులిపేందుకు కాలికేసి కొడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. టప్, టప్, ఆగి మళ్ళీ టప్. ఎంత ఇంపైన తాళం! ఎకరం చేను పోతున్న చప్పుడు అది. మా అన్న తిట్టలేదు. "ఆయనకూ కడుపుంది, నాకూ కడుపుంది. ఎవురిది పెద్దదో ఆయనకే తెలుసు" అన్నాడు. తెల్లారాక చూస్తే ఆరు నెలల కష్టం నేలపాలై ఉంది. మా అన్న కళ్ళలో నీళ్ళు నేను చూశాను. నగరంలో కూర్చుని ఏనుగుల తెలివిని మెచ్చుకునే మనం ఆ నష్టంలో మన వాటా ఎంతో చెప్పకుండా మెచ్చుకోకూడదు. పంట పరిహారం ఆలస్యమైన ప్రతి నెలా ఆ రైతు మన తరఫున ఏనుగుకు అన్నం పెడుతున్నట్టే.

ఏనుగులూ మారుతున్నాయి. మగ ఏనుగు ఈడొచ్చాక ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుందని మేం చదువుకున్నాం. పంటభూములు కమ్ముకున్న ప్రాంతాల్లో కుర్ర మగ ఏనుగులు జట్టు కట్టి తిరుగుతున్నాయని నిశాంత్ శ్రీనివాసయ్య బృందం 2019లో ప్రచురించింది. మనుషుల మధ్య బతకడం ప్రమాదమని తెలిసి అవి తమ కాపురం తీరే మార్చుకున్నాయి. మనమేం చేశాం? టపాసులు, కందకాలు, సోలారు కంచెలు అయ్యాయి. చివరికి 2025 మే 21న ఇదే ఊళ్ళో, విధానసౌధ మెట్ల ముందు, కర్ణాటక శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. అవి పలమనేరు చేరాయి. ఏనుగును ఎలా మళ్ళించాలో తెలిసినది ఏనుగేనని రెండు ప్రభుత్వాలు కలిసి ఒప్పుకున్న రోజు అది.

ఈ ఊళ్ళోనే బసవనగుడిలో, బసవన్న గుడి దగ్గర ఏటా కార్తీకంలో కడలెకాయి పరిషె, అంటే శనక్కాయల జాతర, జరుగుతుంది. మా వైపు నుంచీ వేరుశనక్కాయల బస్తాలు వస్తాయి. ఆ గుడి కథ మీకు తెలుసు. శనక్కాయ చేను మేస్తున్న ఎద్దును రైతు కర్రతో కొట్టాడు, అది కూర్చున్నచోటే రాయైంది, కుమిలిపోయిన రైతులు గుడి కట్టి తొలి పంట దానికే ఇస్తామని మొక్కుకున్నారు. పంట మేసిన జంతువుకు ముందు కోపం, తర్వాత పశ్చాత్తాపం, ఆ తర్వాత వాటా. మా అన్న మంచె మీద అన్నమాటలో ఈ మూడూ ఉన్నాయి.

మన పెద్దలు ఈ ప్రశ్నకు ఒక్క జవాబు ఇవ్వలేదు. ఎనభై నాలుగు లక్షల జీవరాశుల్లో మానవజన్మే ఉత్తమమని ఒకవైపు చెప్పారు. మరోవైపు ఒక మహాక్షేత్రానికి మూడు జంతువుల పేరు పెట్టుకున్నారు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. శ్రీకాళహస్తిలో ముక్తి పొందినవాళ్ళ వరసలో ముందు ఇవి, ఆ తర్వాత బోయవాడైన తిన్నడు. ధూర్జటి ఈ కథలన్నిటినీ ఒకే కావ్యంలో, ఒకే గౌరవంతో చెప్పాడు. తెలుగిళ్ళలో పిల్లలకు కంఠస్థం చేయించే గజేంద్రమోక్షంలో దేవుణ్ణి పిలిచింది ఏనుగు. అందులో మొసలికీ విముక్తి ఉంది.

ఇక్కడే ఒక చేదుమాట చెప్పాలి. మనిషి ఉత్తముడని చెప్పిన దేశంలోనే 1927లో మహాడ్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. పశువులు తాగే నీళ్ళు దళితులైన మనుషులకు అప్పట్లో నిషిద్ధం. జీవులను మెట్ల మీద నిలబెట్టడం ఒకసారి అలవాటైతే, ఆ మెట్లు మనుషుల మధ్యకూ దిగుతాయి. మనిషి ప్రత్యేకత గురించి ఎవరు మాట్లాడినా, ఆ మాటలో మనుషులందరూ ఉన్నారా అని ముందు అడగండి.

మరి మనిషికి ప్రత్యేకత ఏమీ లేదా? ఇక్కడ మాస్టారికీ నాకూ చాలా ఏళ్ళు వాదన జరిగింది. ఆయన డార్విన్ పక్షం. మనిషి మనసుకూ పై జంతువుల మనసుకూ ఉన్నది పాళ్ళలో తేడానే తప్ప జాతిలో తేడా కాదని 1871లో డార్విన్ రాసిన మాట ఆయనకు ప్రాణం. నేను ఒప్పుకోలేదు. తేడా లేకపోతే నేరమూ లేదు, మాస్టారూ, చేను తొక్కిన ఏనుగునూ కంచెకు దొంగ కరెంటు పెట్టి దాన్ని చంపిన మనిషినీ ఒకే గాటన కట్టాలి అనేవాణ్ణి. ఆయన నవ్వి, తేడా ఎక్కడుందో చూపించమనేవారు. ఆయన బతికుండగా చూపించలేకపోయాను.

నేర్పడం మనదే అనుకున్నాను. కాదు. మీర్‌కాట్ అనే ముంగిసజాతి జీవుల్లో పెద్దవి పిల్లలకు ముందు చచ్చిన తేలును, తర్వాత కొండి తీసిన తేలును, ఆఖరికి కొండి ఉన్న తేలును ఇచ్చి వేట నేర్పుతాయని 2006లో తేలింది. ఆచారం మనదే అనుకున్నాను. అదీ కాదు. 1953లో జపాన్‌లోని కోషిమా దీవిలో ఇమో అనే ఆడకోతి పిల్ల చిలగడదుంపను నీళ్ళలో కడిగి తినడం మొదలుపెట్టింది. ఆ అలవాటు గుంపంతా పాకింది, అది పోయాకా సాగింది. అయితే ఆ పిల్లకు అది ఎలా తట్టిందో, ఎన్ని దుంపలకు తట్టిందో తర్వాతి కోతులకు తెలిసే దారి లేదు.

మాస్టారు పోయిన నెలకు వాళ్ళమ్మాయి నాకు మూడు పొడుగు నోటుపుస్తకాలు ఇచ్చింది. 1985 నుంచి ఆయన చూసిన ప్రతి గూటి లెక్క వాటిలో ఉంది. తేదీ, వేళ, ఎండ, ఏ చుక్క ఏం చేసింది. ఒక పేజీలో పసుపు చుక్క రెచ్చిపోయిన సోమవారం ఉంది. దాని కింద నా పేరు, నేను చెప్పిన సహజాతం అన్న మాట, పక్కన ఒక ప్రశ్నార్థకం.

ఆ పేజీ చూశాక నాకు తేడా దొరికింది. పసుపు చుక్కకు తన అమ్మమ్మ ఎలా రాణి అయిందో తెలియదు. పసుపు చుక్క ఎలా రాణి అయిందో మనకు తెలుసు. ఆ కందిరీగ పోయి దాదాపు నలభై ఏళ్ళైంది, చూసిన మనిషీ పోయాడు. అయినా ఆ ఉదయం ఏం జరిగిందో నేను మీకు చెబుతున్నాను, మీరు రేపు ఇంకొకరికి చెప్పగలరు, అందులో తప్పుంటే ఇంకెవరో దిద్దగలరు. చచ్చిపోయినవాళ్ళు చూసింది బతికున్నవాళ్ళకు మిగలడం, దాని మీద ఇంకొంచెం చేరడం, తప్పును పేరుపెట్టి కొట్టివేయడం. నాకు తెలిసినంతలో ఇది మనిషికే ఉంది. పైగా తనది కాని ఒక ప్రాణి బతుకును, దాన్ని తినడానికీ కాదు, దున్నడానికీ కాదు, ఉత్త తెలుసుకోవడానికి మూడు నెలలు కిటికీ పక్కన నిలబడి చూసే ప్రాణి మనిషే.

దీన్ని నేను గొప్పగా చెప్పుకోవడం లేదు. దీనికి ఒక బరువుంది. ఏనుగుకు ఆ తీగలో కరెంటు ఉందని తెలియదు. తీగ లాగినవాడికి తెలుసు. బెంగళూరులో ఏ చెరువు పూడిస్తే ఏ పక్షి పోయిందో, బన్నేరుఘట్ట అంచున ఏ లేఅవుట్ ఏ ఏనుగు దారికి అడ్డం పడిందో మనం రాసి పెట్టుకున్నాం. రాసి పెట్టుకున్నవాడికి తెలియదనే సాకు లేదు. మాస్టారు ఉంటే ఇదీ పాళ్ళలో తేడానే అంటారేమో. ఈ ఒక్క విషయంలో ఆయనే పొరబడ్డారని నేను గట్టిగా నమ్ముతున్నాను. దానికి నా సాక్ష్యం ఆయన చేతిరాతే.

సభకు వచ్చిన పిల్లలకు ఒక మాట. ఈ ఎండాకాలం మీ కిటికీకో, బాల్కనీ చూరుకో కందిరీగ గూడు కనిపిస్తుంది. పసిపిల్లల తలకు తగిలేచోట ఉంటే తీయించండి, తప్పులేదు. లేకపోతే ఒక వారం ఆగమని ఇంట్లో పెద్దవాళ్ళను బతిమాలండి. దూరంగా కుర్చీ వేసుకుని, రోజుకో అరగంట చూడండి. ఏది కూర్చుంటుంది, ఏది తరుముతుంది, ఏది తెస్తుంది, రాసుకోండి. మాస్టారి మూడు నోటుపుస్తకాలూ హాలు వెనక బల్ల మీద ఉన్నాయి. మూడోదాంట్లో సగానికి పైగా పేజీలు ఖాళీగా ఉన్నాయి. వచ్చే ఏడాది ఈ సభకు వచ్చేటప్పుడు మీ గూటి లెక్క తెచ్చి అందులో రాయండి.